విరగకాచిన పాదు

పెరట్లో ఒక పాదు విరగకాయడం గృహస్థుకు సంతోషమా, సంకటమా? ప్రశ్న వినడానికి హాస్యంగా తోచవచ్చు. కాని ఆషాఢంలో నాటిన బీరవిత్తు భాద్రపదం నాటికి పందిరి నిండా కాయలు దింపినప్పుడు, నలుగురున్న ఇంటిలో రోజుకు పది కాయలు కోతకు వచ్చినప్పుడు, మొదటివారం ఇల్లాలి ముఖంలో కనిపించిన ఆనందం మూడవ వారానికి ఆలోచనగా మారడం పాదు పెట్టిన వారందరూ ఎరిగినదే. లేమిని ఓర్చుకోవడం ఎలాగో చెప్పిన నీతులు లోకంలో చాలా ఉన్నవి. కలిమి గుమ్మంలోకి వచ్చి కుప్పపడినప్పుడు దానిని మర్యాదగా వినియోగించడం ఎలాగో చెప్పినవి తక్కువ. ఆ విద్యను తెలుగు ఇంటికి గ్రంథం నేర్పలేదు. పెరడు నేర్పింది, వంటిల్లు నేర్పింది. ఆ రెండూ చిన్నబోతున్న ఈ రోజులలో ఆ విద్య ఏమవుతున్నదన్నది విచారించవలసిన విషయం.

ముందుగా తీగ స్వభావం తెలియాలి. సొర, బీర, పొట్ల, కాకర, దోస, గుమ్మడి ఒకే కుటుంబానికి చెందినవి. ఒకే తీగమీద మగపూవు వేరు, ఆడపూవు వేరు. తొలుత వచ్చేవి చాలావరకు మగపూలు. అవి పూసి రాలిపోతుంటే, కొత్తగా పాదు పెట్టినవాడు పూత నిలవడం లేదని దిగులుపడతాడు. తరువాత అడుగున చిన్న పిందెను మోసుకొని ఆడపూలు వస్తవి. గుమ్మడిపూవు వేకువనే విచ్చుకొని తేనెటీగకోసం ఎదురుచూస్తుంది. బీరపూవు, సొరపూవు సాయంవేళ విచ్చుకుంటవి. రాత్రి తిరిగే రెక్కలపురుగులు సొరపూవుకు చుట్టాలు. ఒకసారి కాపు మొదలైన తరువాత తీగకు ఒకే లక్ష్యం, గింజను ముదిరించడం. ఒక కాయను ముదరనిస్తే ఆ లక్ష్యం నెరవేరినదని తీగ పూత తగ్గిస్తుంది. లేతగా కోసినకొద్దీ మళ్ళీ పూస్తుంది, మళ్ళీ కాస్తుంది. అంటే పెరటి ఔదార్యానికి ఒక షరతు ఉన్నది. కోయడం మానరాదు, కోసినదానికి దారి చూపక తప్పదు.

ఈ సంకటం తెలుగువారికే ప్రత్యేకమైనది కాదు. ఈమధ్య నగరాల అంగళ్ళలో కనిపిస్తున్న జుకీనీ అనే కాయ కథ ఇందుకు మంచి నిదర్శనం. దాని పూర్వజాతిని మెక్సికో దేశంలో సుమారు 10,000 ఏళ్ళనాడే మానవుడు సాగుకు తెచ్చుకొన్నాడు. 1492 తరువాత అది సముద్రం దాటి ఐరోపా చేరింది. ఉత్తర ఇటలీ తోటలలో ఇప్పటి రూపం దిద్దుకొన్నది. ఇటలీ భాషలో ఆ పేరుకు చిన్న గుమ్మడి అని అర్థం. సాయంత్రం వేలెడంత ఉన్న కాయ రెండు మూడు రోజులు చూడకపోతే ముంజేయి అంత అవుతుంది. అమెరికా దేశంలో వేసవి తోటలున్న ఇళ్ళవారు ఈ కాయలను ఏం చేయాలో తోచక, ఇరుగుపొరుగుల గుమ్మాల ముందు చాటుగా పెట్టి పోతారని ఒక హాస్యం వాడుకలో ఉన్నది. అందుకు ఆగస్టు 8వ తేదీని కూడ సరదాగా కేటాయించుకొన్నారు. ఇచ్చేవాడు దొంగవలె రావలసిన వింత దానం అది! తెలుగునాట గుమ్మడికాయల దొంగ ఎవడంటే భుజాలు తడుముకొన్నవాని సామెత ఉన్నది; అక్కడ భుజం తడుముకోవలసినవాడు దాత.

అమెరికాలో స్థిరపడిన తెలుగువారు ఈ కాయతో పప్పు వండుతున్నారు, పచ్చడి నూరుతున్నారు. సొరకాయ, బీరకాయ దొరకనిచోట దానినే వాటికి బదులుగా పోపులో వేస్తున్నారు. ఇందులో ఆశ్చర్యపడవలసినది లేదు. ఈనాడు తెలుగువారు తమదిగా భావించే తీపి గుమ్మడి కూడ ఒకప్పుడు అమెరికా ఖండం నుండి వచ్చినదే. బూడిదగుమ్మడి ఆసియా ఖండానిది. తీపి గుమ్మడి పరదేశి. అయినా అది లేని సంక్రాంతి దప్పళాన్ని ఎవరూ ఊహించలేరు. దాని పూవు లేనిదే గొబ్బెమ్మకు నిండుదనం రాదు. కాయకు జన్మస్థలం ఒకటి. దానిని తనదిగా చేసుకొనేది వండిన చేయి. కనుక ఏ కాయ కాచినదన్న దానికంటె, కాచినదానిని ఇల్లు ఎలా స్వీకరించినదన్నదే ముఖ్యం.

తెలుగు ఇల్లు ఈ సమృద్ధిని నాలుగు పాళ్ళు చేసింది. కొంత వండుకోవాలి, కొంత పంచాలి, కొంత దాచాలి, కొంత విత్తుకు విడవాలి. ఈ నాలుగింటిలోను ఎంతో వివేకం ఉన్నది.

వండడంలోని మొదటి వివేకం కాయను తెలుసుకోవడం. ఈ జాతి కాయలలో నూటికి 90 పాళ్ళకు మించి నీరే. కొత్తగా వంట నేర్చుకొనేవారు బీరకాయ ముక్కలకు నీళ్ళు పోసి, కూర చారైనదని వాపోతారు. అనుభవజ్ఞురాలు చిటికెడు ఉప్పు చల్లి మూతపెడుతుంది. కాయ తన నీటిలో తానే మగ్గుతుంది. నీరు ఎక్కువ, రుచి సౌమ్యం. కనుక దానికి తోడు కావాలి. పెసరపప్పు, నువ్వులపొడి, కొబ్బరికోరు, పాలు, ఆవముద్ద ఇవన్నీ ఆ తోడు కోసం వచ్చినవే. లేతకాయకు పాలు పోసిన కూర, కొంచెం గట్టిపడినదానికి పప్పు, ఇంకా గట్టిపడినదానికి పులుసు అని కాయ వయస్సును బట్టి వంట నిర్ణయమవుతుంది. బీరకాయలో కండ పప్పులోకి పోతే, చెక్కు పచ్చిమిరపకాయలతో వేగి, చింతపండుతో కలిసి రోటిపచ్చడి అవుతుంది. ఒకే కాయ ఒకే పూట రెండు వంటకాలుగా విస్తరిలోకి వస్తుంది. ముదిరినదాని పీచు నీళ్ళగదిలో ఒళ్ళు రుద్దుకొనేందుకు పనికివస్తుంది. తెలంగాణలో సొరకాయను కోరి బియ్యపు పిండిలో కలిపి, నువ్వులు, శనగపప్పు చేర్చి గిన్నెకు తట్టి కాల్చే సర్వపిండి ఉన్నది. గోదావరి ప్రాంతంలో అదే కాయ ఆనపకాయ పేరుతో పులుసులోకి పోతుంది. కాయ ఒకటే; ఊరు మారితే పేరు, రుచి మారుతవి. రోజూ అదే కాయ కాచినా రోజూ అదే కూర తిన్నట్లు లేకుండ చేయగలగడమే ఈ విద్యలోని రహస్యం.

ఇందులో మరొక జాగ్రత్త కూడ ఉన్నది. సొరకాయ తరిగేముందు చిన్న ముక్క నాలుకకు తాకించి చూడడం పాత ఇళ్ళలో ఆచారం. అది చాదస్తం కాదు. ఈ జాతిలో అప్పుడప్పుడు ఒక కాయ కటిక చేదుగా ఉంటుంది. ఆ చేదులో విషం ఉన్నదనీ, చేదైన సొరకాయ రసం ప్రాణాపాయం తేగలదనీ భారత వైద్య పరిశోధన మండలి నియమించిన నిపుణుల సంఘం హెచ్చరించింది. ఆ నివేదిక 2012లో ఆ మండలి పత్రికలో వెలువడింది. వండితే ఆ విషం పోతుందనుకోరాదు, చేదుకాయను పారవేయవలసినదే. జుకీనీకి కూడ ఈ నియమమే వర్తిస్తుంది. శాస్త్రజ్ఞుడు చెప్పిన మాటను అవ్వ నాలుక ముందే ఎరిగి ఉన్నది.

రెండవది పంచడం. గోడమీదుగా పొరుగింటికి పోయే బీరకాయల గంప తెలుగు సంఘ జీవనంలో చిన్న విషయం కాదు. ఆ గంప ఖాళీగా తిరిగి రాదు. కరివేపాకు రెబ్బలో, రెండు నిమ్మకాయలో, గుప్పెడు గోరుచిక్కుళ్ళో అందులో ఉంటవి. ఎవరూ లెక్క వేయరు, ఎవరూ మరచిపోరు. దూరపు చుట్టరికాన్ని బీరకాయపీచు సంబంధమని నవ్వుతారు గాని, ఇరుగుపొరుగుల మధ్య అసలైన సంబంధాన్ని కలిపినది బీరకాయే. ఇందులో గమనించవలసిన విషయం ఇంకొకటి ఉన్నది. వండిన అన్నం కులం గీత దాటని రోజులలో కూడ పచ్చి కాయ ఆ గీతను దాటింది. పంక్తిభోజనానికి అడ్డుపడిన ఆచారం పెరటి కాయకు అంతగా అడ్డుపడలేకపోయింది. అయితే దీనిని గొప్ప సమత్వంగా చెప్పుకోవడం సత్యానికి దూరం. ఇచ్చినవారికి పెరడున్నది, పుచ్చుకొన్నవారిలో చాలామందికి గుడిసె పాకిన తీగ తప్ప పెరడు లేదు. ఇచ్చిన చేయి గడప బయటనే కాయను పెట్టిన ఇళ్ళూ ఉన్నవి. సమృద్ధి తనంతట తాను న్యాయాన్ని తీసుకురాదు. కాని న్యాయం రావలసిన దారిని అది కొంత చూపింది.

మూడవది దాచడం. ఇక్కడ తెలుగు వంటింటి ప్రజ్ఞ పరాకాష్ఠకు చేరింది. శ్రీకృష్ణదేవరాయలు ఆముక్తమాల్యదలో విష్ణుచిత్తుని ఇంటి అతిథిసత్కారాన్ని ఋతువుల వారీగా వర్ణించాడు. అందులో ముసురుపట్టిన వానకాలపు భోజనానికి వడియాలు, వరుగులు చేర్చాడు. 16వ శతాబ్ది తొలిభాగంలో రాజ్యమేలిన ఆ చక్రవర్తికి వానకాలంలో పేద భాగవతుని వంటింటి ఉట్టిలో ఏముంటుందో తెలిసి ఉండడం విశేషం. ఎండ కాచిన రోజులలో కోసి ఆరబెట్టిన ముక్క, బయట అడుగుపెట్టరాని వానరోజులలో అతిథి ఆకలి తీర్చింది. మిగిలిన కాయను ఎండకు అప్పగించడం, ఆ ఎండను వానకాలానికి దాచుకోవడం వరుగు అనే చిన్న మాటలోని పెద్ద భావం.

బూడిదగుమ్మడి వడియాల సంగతి చూడవచ్చు. కాయను సన్నని ముక్కలుగా తరిగి, ఉప్పు పసుపు కలిపి, గుడ్డలో మూటకట్టి, రాత్రంతా బరువుకింద ఉంచుతారు. నీరంతా ఓడిపోతుంది. తెల్లవారి గట్టిగా రుబ్బిన మినపపిండి, పచ్చిమిరపకాయల ముద్ద, ఇంగువ కలిపి, తడిగుడ్డమీద వడియాలు పెడతారు. మూడు నాలుగు ఎండలు ఎండాలి. కాకుల కాపలా పిల్లలది. ఒక కాయ ఒక ఇంటికి ఎక్కువ. కనుక నాలుగిళ్ళవారు కలిసి ఒకే రోజు పెట్టుకొనేవారు. నిల్వచేయడం కూడ అక్కడ పంచుకోవడంలో భాగమైనది. ముదిరిన తీపి గుమ్మడికి ఈ శ్రమ కూడ అవసరం లేదు. తొడిమతో కోసి అటకమీద పెడితే నెలలపాటు చెక్కుచెదరకుండ ఉంటుంది.

నాలుగవది విడవడం. తీగమీద అన్నిటికంటె పుష్టిగా ఉన్న ఒక కాయను కోయకుండ విత్తుకు వదలడం రైతు నియమం. దానివల్ల కొంత కాపు తగ్గుతుందని తెలిసే వదిలేవారు. ముదిరి ఎండిన సొరబుర్ర గింజను దాచింది. సన్న్యాసి చేతిలో జలపాత్ర అయినది. ఈత నేర్చుకొనే పిల్లవాని నడుముకు ఆధారమైనది. తంబురాకు కుండ అయి నాదాన్ని నింపుకొన్నది. ఉన్నదంతా తినివేయనివాడికే మరుసటి ఏడు పాదు ఉంటుంది. దాచడం ఈ ఏటి వానకాలం కోసమైతే, విడవడం రాబోయే ఏడు కోసం. పొదుపు గురించి ఇంతకంటె సులభమైన పాఠం వేరే ఉండదు.

ఇంతవరకు చెప్పినది విని, పాతకాలమంతా బంగారమేనని పొంగిపోవడం తగదు. ఈ నాలుగు పాళ్ళ వ్యవస్థ ఎవరి భుజాలమీద నడిచింది? నిండుగుమ్మడిని స్త్రీ కొట్టరాదని ఒక ఆచారం. కనుక మొదటి వేటు మగవాడు వేసేవాడు. ఆ ఒక్క వేటుతో ఆయన బాధ్యత తీరిపోయేది. తరగడం, రుబ్బడం, పిండడం, పెట్టడం, ఎండబెట్టడం, తిరగవేయడం, డబ్బాలకెత్తడం అంతా ఆమెదే. విరగకాచిన పాదు ఇంటికి పండుగ అయితే ఆమె నడుముకు శిక్ష అయినది. ఈనాటి స్త్రీ బడిలో చదివి, కార్యాలయంలో పనిచేసి, ఇంటికి వచ్చి బీరచెక్కు పచ్చడి రోట్లో నూరలేదని ఆమెను నిందించేవారు ఈ విషయం మరచిపోతున్నారు. విద్య నిలవాలంటే శ్రమ పంచుకోవాలి. పంచుకోవడం మగవాని ఒక్క వేటుతో తీరేది కాదు.

అంగట్లో కాయలు దొరుకుతుంటే ఈ పాదులు, పందిళ్ళు, వడియాలు ఎందుకని అడిగేవారున్నారు. ఆ ప్రశ్నలో న్యాయం లేకపోలేదు. మేడమీద మేడగా కట్టిన ఇళ్ళలో పెరడు లేదు. ఉద్యోగానికి పోయే ఇంటిలో తీరిక లేదు. కాని అంగడికి, పెరటికి ఒక తేడా ఉన్నది. అంగట్లో మనిషి తనకు కావలసినంతే కొంటాడు. పెరడు తనకు తోచినంత ఇస్తుంది. కావలసినంతే కొన్నవానికి పొరుగువాడు గుర్తుకు రానక్కరలేదు. కావలసినదానికంటె ఎక్కువ కాచినవానికి పొరుగువాడు గుర్తుకు రాక తప్పదు. చల్లపెట్టె వచ్చిన తరువాత పంచడాన్ని వారంపాటు వాయిదా వేయడం సాధ్యమైనది. ఆ వారం గడిచిన తరువాత కాయ చెత్తబుట్టకు పోతుంది. పారవేయడానికి లేని సంకోచం, పొరుగింటి తలుపు తట్టి నాలుగు కాయలివ్వడానికి కలుగుతున్నది. ఇస్తే ఏమనుకొంటారో అన్న అనుమానం ఇచ్చే చేతిని వెనుకకు లాగుతున్నది. విచారించవలసిన దారిద్ర్యం ఇదే.

నష్టం వంటింటితో ఆగడంలేదు. భాషకు కూడ తాకుతున్నది. పొట్లకాయకు రాయి కట్టినట్లు అన్న మాటను పాఠంలో చదివిన విద్యార్థికి, ఆ రాయి ఎందుకో తెలియదు. వంకరపోకుండ కాయ నిటారుగా సాగడానికి కొసను కట్టే బరువు అది అని పందిరి కింద నిలబడినవానికి చెప్పనక్కరలేదు. సొరకాయ కోతలనీ, నేతిబీరలో నెయ్యి అనీ, పెరటిచెట్టు మందుకు రాదనీ చెప్పే భాష పెరట్లో పుట్టినది. పెరడు పోతే ఆ మాటలు నిఘంటువులో ఎండిన వరుగులవలె మిగులుతవి. నానబెట్టి వండే చేయి లేనినాడు వరుగు కూర కాదు. ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ పక్షాన భద్రిరాజు కృష్ణమూర్తిగారి సంపాదకత్వంలో మాండలిక వృత్తిపదకోశం మొదటి సంపుటం 1962లో వెలువడినప్పుడు, అందుకు ఎన్నుకొన్న వృత్తి వ్యవసాయమే. ఊరూరా తిరిగి రైతుల నోటి మాటలను సేకరించిన ఆ కృషి వెనుక ఉన్న భావం స్పష్టం. పనితోపాటే మాట బ్రతుకుతుంది. వంటింటి మాటలకు అటువంటి శ్రద్ధ ఇంకా ఎంతో కావలసి ఉన్నది.

ఈ సందర్భంలో పాఠశాలల పాత్ర విశేషమైనది. బడులలో పోషకాహార తోటలు పెంచవలసినదని కేంద్ర ప్రభుత్వం 2019లో మార్గదర్శకాలు విడుదల చేసింది. 2021 నుండి పీఎం పోషణ్ పేరుతో నడుస్తున్న మధ్యాహ్న భోజన పథకంలో కూడ ఈ తోటలకు ప్రోత్సాహం ఉన్నది. ఆలోచన మంచిదే. అయితే తోట అంటే నాటడం ఒక్కటే అన్న భావం మిగలరాదు. మొక్క నాటిననాడు ఛాయాచిత్రం తీసుకొని, కాపుకు వచ్చిననాడు సెలవులలో దానిని మరచిపోయే బడి విద్యార్థికి సగం పాఠమే చెప్పినట్లు. మిగిలిన సగం కాయ కోసిన తరువాత మొదలవుతుంది.

ఒక బీరపాదు చాలు, బడిలో ఎన్నో పాఠాలు నడపవచ్చు. మగపూవును, ఆడపూవును పక్కపక్కన పెట్టి చూపితే జీవశాస్త్రం బొమ్మ అవసరం లేకుండ తెలుస్తుంది. వారం వారం కాపు తూచి రాసుకొంటే గణితం. ఒకే కాయకు తరగతిలోని పిల్లల ఇళ్ళలో ఎన్ని పేర్లున్నవో, ఎన్ని వంటకాలున్నవో అవ్వలనడిగి రాసుకొని వస్తే అది తెలుగు పాఠం. ఏ పాఠ్యగ్రంథంలోను లేని పాఠం. మధ్యాహ్న భోజనానికి మించిన కాయలను ఎవరికి ఇవ్వాలో పిల్లలే కూర్చొని నిర్ణయిస్తే అది పౌరశాస్త్రం. చెక్కుతీయడం, ముక్కలు ఎండబెట్టడం బాలురూ బాలికలూ సమంగా చేస్తే, పాతకాలం చేసిన అన్యాయం కొంతైనా సరిదిద్దినట్లవుతుంది. చివరకు ఒక కాయను తీగమీద విడిచి, దాని గింజలను తరువాతి తరగతి పిల్లలకు అప్పగించవచ్చు. పరీక్షలో మార్కులు రాని పాఠమిది. అందుకే ఉపాధ్యాయుని మనస్సు లేనిదే సాగదు.

దేశానికి ధాన్యం ఎంత కావాలో లెక్కించే నిపుణులున్నారు. ఎక్కువ పండినప్పుడు రైతు టొమాటోలను రోడ్డుమీద పారబోసి కన్నీరు పెట్టుకోవడం చూస్తూ కూడ, సమృద్ధిని సద్వినియోగపరచడం ఒక విద్య అని సంఘం గుర్తించలేదు. ఆ విద్యకు ఓనమాలు పెరట్లో ఉన్నవి. నలుగురున్న ఇంటిలో పది కాయలు కాచిననాడు ఆరింటికి దారి చూపడం నేర్చిన పిల్లవాడు, రేపు అధికారి అయినా, వర్తకుడైనా, రైతైనా, పారబోసిన పంటను చూసి ఊరుకోలేడు. ఈ వానకాలంలో ప్రతి బడిలోను ఒక పాదు మొలవాలి. అది విరగకాయాలి. అప్పుడు ఏం చేయాలన్న ప్రశ్న పిల్లలముందు నిలవాలి. ఉపాధ్యాయుడు వెంటనే జవాబు చెప్పకుండ కొంచెం సేపు ఊరుకొంటే చాలు. గోడ అవతల ఎవరున్నారో పిల్లలే తొంగి చూస్తారు.